ఉద్యమ సాహిత్య ఆర్కైవ్‌లో సంపుటాలు: ఎప్పుడు కట్టాలి, ఎట్లా కట్టాలి

పాత కరపత్రాలు, బులెటిన్లు, కోర్టు ప్రకటనలు, ఆగిపోయిన చిన్న పత్రికలు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టే పని కర్నూలులోనో అనంతపురంలోనో కడపలోనో ఎవరు మొదలుపెట్టినా, మూడు నాలుగు వందల పాఠాలు (అంటే విడివిడి రచనలు) పోగయ్యేసరికి ఒక పేచీ వస్తుంది. వచ్చినవి వచ్చినట్టే వరుసగా ఉంచాలా? ‘నీళ్ళు’, ‘కుట్ర కేసులు’, ‘స్త్రీల గొంతు’ అని సంపుటాలు కట్టి పాఠకుల చేతికివ్వాలా?

వద్దనేవాళ్ళ మాటలో బలం ఉంది. ఏరేవాళ్ళ రాజకీయం ఏరడంలో కనబడుతుంది. ఏరి కట్టిందే మొత్తం అని జనం అనుకుంటారు. పైగా ది అనార్కిస్ట్ లైబ్రరీ అనే వెబ్‌సైటులో పాఠకుడే తనకు కావలసిన రచనలు ఎంచుకుని ఒకే పుస్తకంగా పీడీఎఫ్ తీసుకోవచ్చు. ఇంక మనం కట్టడం దేనికని అడుగుతారు. కానీ ఎంచుకోవాలంటే అక్కడ ఏముందో ముందే కొంత తెలిసి ఉండాలి. ప్రొద్దుటూరులో డిగ్రీ చదివే అమ్మాయి ముందు నాలుగు వందల శీర్షికల పట్టిక పెడితే ఆమె మొదటి పేజీ దాటదు. మార్క్సిస్ట్స్ ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైటులో రచయితల వారీగా ఒక దారి, విషయాల వారీగా ఇంకో దారి ఉన్నాయి. రెండూ అవసరమే.

కాబట్టి కట్టండి. అయితే సంపుటి దండలో దారం లాంటిది కావాలి. దారం తెగినా పూలు నేలమీదే ఉంటాయి, మాయం కావు. సంపుటి ద్వారా మాత్రమే దొరికే పాఠం ఆర్కైవ్‌లో ఒక్కటి కూడా ఉండకూడదు.

ఇందుకు మన కడపలోనే పాత ఉదాహరణ ఉంది. కడపలో పండితులను పెట్టి ప్రతులు సరిచూయించిన సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు 693 ఏరి అచ్చువేశాడు. 1839 కూర్పులో అవి 1164 అయ్యాయి. ఆ ఎంపిక ఆయన ఇష్టాయిష్టాలతో చేసిందే. అయినా ఆయన వదిలేసిన పద్యాలను తర్వాతివాళ్ళు వెదుక్కోగలిగారు, ఎందుకంటే సేకరించిన రాతప్రతులను ఆయన పారేయలేదు. ఆయన పోగు చేసిన ప్రతులు మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. ఎంపికతో పాటు మూలమూ ఉంటే ఎంపికలోని తప్పును ఎవరైనా దిద్దుకోవచ్చు.

కట్ట విప్పకముందు

మీకంటే ముందు సంపుటి కట్టినవాళ్ళు ఆ కాగితాలు దాచినవాళ్ళే. ట్రంకుపెట్టెలోనో గోనెసంచిలోనో వచ్చిన కట్టకు ఒక వరుస ఉంటుంది. ఆ వరుసే ఒక సాక్ష్యం. తేదీ లేని కరపత్రం రెండు తేదీలున్న కరపత్రాల నడుమ ఉంటే, అది ఏ కాలానిదో చాలావరకు తేలినట్టే. రచయితల పేరు మీద విడగొట్టేయాలని చేతులు ఊరుతాయి. ఆగండి.

కట్టను ఉన్నదున్నట్టు నాలుగు వైపులా ఫొటో తీయండి. కట్టకు నంబరు వేయండి. ఒక్కో కాగితం తీస్తూ పెన్సిల్‌తో, వెనకవైపు మూలన, చిన్నగా వరుస నంబరు వేయండి: 7వ కట్టలో 23వ కాగితమైతే 7-23. పెన్ను వద్దు, స్టిక్కర్లు వద్దు. పత్రికల మధ్యలో దాచిన కత్తిరింపులు, ఉత్తరాలు ఉంటే వాటికి విడి నంబర్లిచ్చి, ఏ పేజీల నడుమ దొరికాయో రాసుకోండి. తుప్పు పట్టిన పిన్నులను లాగితే కాగితం చిరుగుతుంది. పిన్ను కాళ్ళను వెనక నుంచి పల్చటి చాకుతో ఎత్తి, తర్వాత తీయాలి. అనంతపురం ఎండలకు యాభై ఏళ్ళ న్యూస్‌ప్రింట్ అప్పడంలా విరుగుతుంది. అలాంటిదాన్ని స్కానర్ అద్దం మీద బోర్లించి నొక్కకూడదు. పైనుంచి కెమెరాతో తీయాలి.

తేదీ తేల్చడం

సంపుటి విలువంతా కాలక్రమంలో ఉంది. కరపత్రాల మీద తేదీ సగానికి సగం ఉండదు. ఉన్న ఆధారాలతో తేల్చాలి.

ముందు వెల చూడండి. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుదై ఉండొచ్చు, ఎందుకంటే ఆ రోజు నుంచే దశాంశ నాణేలు వచ్చాయి. ‘న.పై.’ (నయా పైసలు) అని ఉంటే 1957కూ 1964కూ నడుమ, ఎందుకంటే 1964 జూన్ నుంచి ‘నయా’ అన్న మాట తీసేశారు. జనం నోట అణాలు ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు నలిగాయి కాబట్టి అణాల ఆధారం కొంచెం బలహీనం, న.పై. ఆధారం గట్టిది. చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాతిదే. అచ్చయిన ప్రతి పుస్తకం, కాగితం మీద ప్రెస్సు పేరు, ఊరు ఉండాలని 1867 నాటి చట్టం 2024లో రద్దయ్యేదాకా చెప్పేది. కాబట్టి చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల గీతను తప్పకుండా చదవండి. ఆ గీత లేకపోవడం కూడా ఒక సమాచారమే: రహస్యంగా వేసిందేమో అని గుర్తు పెట్టుకోండి, తేల్చేయకండి.

జిల్లా పేరు ఇంకో ఆధారం, ఇంకో గుంత కూడా. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 అక్టోబరు 1 దాకా బళ్ళారి జిల్లాలోవి. మార్కాపురం, గిద్దలూరు, కంభం 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం) ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలోవి. నంద్యాల 2022లో విడి జిల్లా అయింది. అందుకే పట్టికలో స్థలానికి రెండు గడులు పెట్టండి: అచ్చయిన నాటి జిల్లా, ఇప్పటి జిల్లా. ఒకటే గడి ఉంటే 1948 నాటి ఆదోని కరపత్రం ‘కర్నూలు’ సంపుటిలో రాదు, లేదా తప్పు పేరుతో వస్తుంది. తేల్చిన తేదీకి పక్కనే ‘అచ్చులో ఉంది’, ‘ఆధారంతో తేల్చింది’, ‘ఊహ’ అని మూడింటిలో ఒకటి రాయాలి. ఊహించిన తేదీ ఎవరో ఒకరి వ్యాసంలో నిజమైన తేదీగా మారిపోతే దాన్ని వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు.

స్కాను, అక్షరం

సాధారణ అచ్చుకు 300 డీపీఐ, సైక్లోస్టైల్ కాగితాలకు, చిన్న టైపుకు 400, రంగుల్లోనే. నలుపు తెలుపుల్లో తీస్తే సైక్లోస్టైల్ ఒత్తులు, సున్నలు మాయమవుతాయి. 1/8 డెమ్మీ పేజీ 400 డీపీఐలో కుదించకుండా సుమారు 22 ఎంబీ వస్తుంది. 32 పేజీల పుస్తకం 700 ఎంబీ దాటుతుంది. ఆ పెద్ద ఫైలు మీ హార్డ్ డిస్కులో, కుదించిన పీడీఎఫ్ జనానికి. ఫోన్‌తో తీసినవైతే ఫొటోలో ఇమిడి ఉండే స్థలం వివరాలు తీసేశాకే పైకి ఎక్కించండి.

యంత్రం చదివిన తెలుగులో తప్పులు ఒక పద్ధతిలోనే వస్తాయి. ‘మ’కు ‘వు’, ‘ఘ’కు ‘ఫు’, ‘ప’కు ‘వ’, ‘ధ’కు ‘ద’, ‘భ’కు ‘బ’. ముందు వీటినే వెతికితే పని సగం తగ్గుతుంది. 1990ల తర్వాతి డీటీపీ ఫైళ్ళు దొరికితే సంతోషించే ముందు చూసుకోండి: ‘అను’ అనే కంపెనీ పాత ఫాంట్లలో కొట్టింది ఇంటర్నెట్‌లో చదవగలిగే యూనికోడ్ తెలుగు కాదు, కాపీ చేస్తే ఇంగ్లీషు గుర్తుల గజిబిజి వస్తుంది. మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి గానీ అవి వట్రసుడుల దగ్గర, రెండు ఒత్తులున్న అక్షరాల దగ్గర తడబడతాయి. మార్చినదాన్ని అచ్చుప్రతితో పక్కపక్కన పెట్టి చదవాల్సిందే.

మూలంలోని అచ్చుతప్పులు దిద్దకండి. ఆనాటి యాస, ఆనాటి వర్ణక్రమం అట్లాగే ఉండాలి. వెతుకులాట కోసం వేరే గడిలో ఇప్పటి రూపం రాయండి: కందనవోలు–కర్నూలు, అనంతపురము–అనంతపురం. ‘ఇంటర్నెట్‌లో’ లాంటి మాటల మధ్య కంటికి కనబడని విడదీత గుర్తు ఉంటుంది. వెతికేటప్పుడు సైటు దాన్ని లెక్కచేయకుండా చూడాలి. లేకపోతే ఉన్న పాఠమే లేదని వస్తుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరిన తెలుగు పుస్తకాల్లో చాలావాటికి శీర్షికలు ఇంగ్లీషు అక్షరాల్లో తలో రకంగా పడ్డాయి. పుస్తకం ఉన్నా తెలుగులో వెతికితే తగలదు.

కలం పేర్ల దగ్గర ఒక నియమం గట్టిగా పాటించండి. రచయితో, వాళ్ళ కుటుంబమో, అచ్చయిన పుస్తకమో బహిరంగంగా చెప్పి ఉంటేనే అసలు పేరు రాయాలి. ఊళ్ళో అందరికీ తెలుసు కదా అన్నది చాలదు. చందాదారుల జాబితాలు, అట్ట మీద చేత్తో రాసిన పేర్లు, మార్జిన్లలోని ఫోన్ నంబర్లు జనానికిచ్చే ప్రతిలో కప్పేయాలి, మూలప్రతిలో ఉంచాలి.

ఇప్పుడు సంపుటి

రెండు వందల పాఠాలకు తక్కువుంటే సంపుటాల జోలికి వెళ్ళొద్దు. అప్పటికి మీకు దొరికినవే ఉంటాయి, ఏరడానికేమీ ఉండదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో సొంత సంపుటి పేజీ అడగాలన్నా కనీసం 50 అంశాలు ఎక్కించి ఉండాలి.

కృష్ణా నీళ్ళ మీద సీమ వాదం అనే సంపుటి కడుతున్నామనుకుందాం. మొదట ఒక కాగితం మీద ఒక్క వాక్యంలో హద్దు రాయండి: ‘కృష్ణా, తుంగభద్ర నీళ్ళలో రాయలసీమ వాటా గురించి 1937–2016 నడుమ వెలువడిన కరపత్రాలు, ఒప్పందాలు, తీర్మానాలు, ప్రభుత్వ ఉత్తర్వులు.’ ఈ వాక్యం రాయలేకపోతే సంపుటి ఇంకా పండలేదని అర్థం. ‘రాయలసీమ సమస్యలు’ అన్నది హద్దు కాదు; అందులో అన్నీ పడతాయి, ఏదీ నిలవదు.

తర్వాత మైలురాళ్ళు నిలపండి. 1937 నవంబరు 16న మద్రాసులో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒప్పందం. 1951 నాటి కృష్ణా–పెన్నా ప్రాజెక్టు ప్రతిపాదన, అది పక్కకుపోయి నందికొండ (నాగార్జునసాగర్) ముందుకొచ్చిన క్రమం. శ్రీశైలం కనీస నీటిమట్టాన్ని 834 అడుగులకు దించిన 1996 నాటి జీవో 69, దాన్ని 854గా చెప్పిన 2004 నాటి జీవో 107. 2016 మే 31న సిద్ధేశ్వరం దగ్గర రైతులు అలుగుకు తామే చేసిన శంకుస్థాపన. ఈ మైలురాళ్ళ మధ్య మీ దగ్గరున్న కరపత్రాలను తేదీల వరుసలో పెట్టండి. పన్నెండుకు తగ్గకుండా, ముప్పైకి మించకుండా. ముప్పై దాటితే అది మళ్ళీ పట్టిక అయిపోతుంది. రెండుగా విడగొట్టడం మేలు.

అప్పుడు ఎదుటి గొంతు వెతకండి. ఈ పని ఎక్కువమంది వదిలేస్తారు, సంపుటి నమ్మకం పోయేది ఇక్కడే. 1953 నాటి ఆంధ్ర రాష్ట్ర రాజధాని గొడవ మీద సంపుటి కట్టి, కర్నూలు కావాలన్నవే పెట్టి, విజయవాడ–గుంటూరు వైపు ఉండాలన్న కమ్యూనిస్టుల వాదన పెట్టకపోతే, చదివేవాళ్ళకు ఆ గొడవ అసలు ఎందుకొచ్చిందో అర్థం కాదు. ముప్పైలో అయిదారు పాఠాలైనా కాదన్నవాళ్ళవి ఉండాలి.

చీలికల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. తరిమెల నాగిరెడ్డిది అనంతపురం జిల్లా, చండ్ర పుల్లారెడ్డిది అప్పటి కర్నూలు జిల్లా వెలుగోడు. ఈ ఇద్దరు కమ్యూనిస్టు నాయకులు ఒకే విప్లవ కమిటీలో పనిచేసి 1971లో విడిపోయారు. ఒకరి వైపు కాగితాలు దాచినవాళ్ళ ఇంట్లో రెండోవాళ్ళవి సాధారణంగా దొరకవు. మీకు వచ్చిన కట్ట ఏ వైపుదో ఆ వైపే మీ సంపుటి వంగుతుంది. వంగిందని తెలిస్తే రెండో వైపు ఇళ్ళకు వెళ్ళి అడగండి. దొరికేదాకా ముందుమాటలో ఆ సంగతి రాయండి.

ముందుమాట అయిదారు వందల మాటలు చాలు. ఎవరు ఏరారు, ఏ నెలలో, ఏ హద్దుతో, ఏమి లేవు. నాలుగోది అన్నింటికన్నా విలువైనది. ‘ఫలానా బులెటిన్ 3, 5 సంచికలు దొరకలేదు; స్త్రీలు రాసినవి రెండే ఉన్నాయి; ఉర్దూ కరపత్రాలు చదవగలిగినవాళ్ళు లేక చేర్చలేదు’ అని విడమరచి రాస్తే, చదివినవాళ్ళలో ఎవరో ఒకరు తమ అటక మీద చూస్తారు. ఇక్కడ వ్యాఖ్యానం, పొగడ్త తగ్గించండి. కింద సంతకం పేరుతోనే ఉండాలి. ‘సంపాదకవర్గం’ అని దాచుకుంటే ఎవరిని ప్రశ్నించాలో తెలియదు. పేరు బయటపెట్టడం ప్రమాదమనుకునేవాళ్ళు స్థిరమైన కలం పేరు వాడండి.

సాంకేతికంగా సంపుటి అంటే నంబర్ల జాబితా మాత్రమే. పాఠాన్ని కాపీ చేసి సంపుటిలో అతికిస్తే ఆరు నెలల్లో రెండు రూపాలవుతాయి: ఒకదాంట్లో దిద్దుబాట్లు జరిగి, రెండోదాంట్లో పాత తప్పులు మిగులుతాయి. పాఠం ఒకే చోట, శాశ్వత నంబరుతో ఉండాలి. సంపుటి ఆ నంబరును చూపాలి. పాఠం పేజీ అడుగున ‘ఇది ఈ సంపుటాల్లో ఉంది’ అని తిరుగు దారి ఉండాలి. ఒకే కరపత్రం మూడు సంపుటాల్లో ఉంటే తప్పేం లేదు, మంచిదే. ట్యాగులు మాత్రం ముప్పై నలభైకి ఆపండి. ‘కరువు’, ‘కరవు’, ‘దుర్భిక్షం’ మూడు ట్యాగులైతే మూడింటి కిందా సగం సగమే దొరుకుతాయి.

హక్కులు, నిషేధాలు

భారత కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. కర్నూలువాడైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1960లో పోయారు. ఆయన రచనలు 2021 జనవరి 1 నుంచి అందరివీ. నాగిరెడ్డి 1976లో పోయారు కాబట్టి 2037 దాకా ఆగాలి, లేదా హక్కుదారుల అనుమతి కావాలి. పేరు లేకుండా వెలువడినవాటికి అచ్చయిన ఏడాది నుంచి లెక్క: 1970 నాటి అనామక కరపత్రం 2031లో విడుదలవుతుంది. అనుమతి పత్రం ఒక పేజీ చాలు: ఏ రచనలు, సంపుటాల్లోనూ పుస్తకాల్లోనూ వాడొచ్చా, తీసేయమంటే ఎవరికి చెప్పాలి. సంపుటాల్లో వాడొచ్చా అన్న మాట ముందే రాయించుకోకపోతే ప్రతి సంపుటికీ మళ్ళీ తిరగాలి.

సంపుటికి విడిగా హక్కు పుడుతుందని మరచిపోవద్దు. మార్క్స్, ఎంగెల్స్ సమగ్ర రచనల 50 సంపుటాల ఇంగ్లీషు కూర్పు నుంచి తీసుకున్న పాఠాలను తొలగించమని 2014లో లారెన్స్ అండ్ విషార్ట్ ప్రచురణకర్తలు మార్క్సిస్ట్స్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌ను అడిగారు, వాళ్ళు తొలగించారు. మార్క్స్ పోయి అప్పటికి నూట ముప్పై ఏళ్ళు దాటింది. హక్కు ఆ అనువాదాలది, ఆ కూర్పుది. ఇతర అనువాదాలున్న రచనలు సైటులో మిగిలాయి. అందుకే ఎవరిదో సంకలనాన్ని చూసి పాఠాలు ఎక్కించకండి. మొదట అచ్చయిన ప్రతి నుంచే ఎక్కించండి. మీ ముందుమాటలనూ జాబితాలనూ స్వేచ్ఛా లైసెన్సు కింద పెట్టండి, రేపు మీరు మానేసినా ఇంకొకరు కొనసాగిస్తారు.

ప్రభుత్వం ఏదైనా ప్రచురణను జప్తు చేస్తూ ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఇంతకుముందు నేర విచారణ స్మృతి 95వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 98వ సెక్షన్. పట్టికలో ‘జప్తు ఉత్తర్వు చూశామా’ అని ఒక గడి పెట్టి, ఉత్తర్వు ఉందనిపిస్తే లాయరుకు చూపకుండా పైకి ఎక్కించకండి. స్కాను మాత్రం చేసి భద్రపరచండి.

కాగితం మీదికి, డిస్కుల్లోకి

సంపుటిని పుస్తకంగా కుట్టాలంటే పేజీలు నాలుగుతో భాగించబడాలి. 32 పేజీలకు ఎనిమిది ఏ4 కాగితాలు, మడిచి నడుమ రెండు పిన్నులు. జిరాక్స్ షాపులో ‘బుక్‌లెట్’ అంటే తెలుస్తుంది. పదిహేను కాగితాలు దాటితే లోపలి పేజీలు బయటికి పొడుచుకొస్తాయి, అంచు కోయించాలి. అక్షరం 12 పాయింట్లకు తగ్గితే పెద్దవాళ్ళు చదవలేరు. వరుసల ఎడం ఒకటిన్నర ఉంచకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. ప్రతి పాఠం మొదటి పేజీలో ఆర్కైవ్ నంబరు తప్పనిసరి.

మూడు ప్రతులు ఉంచండి, ఒకటి వేరే ఊళ్ళో. 2009 అక్టోబరు 2న తుంగభద్ర కర్నూలు పాతబస్తీని ముంచేసింది. కింది అంతస్తులో ఉన్న కాగితానికీ హార్డ్ డిస్కుకూ ఆ నీటి ముందు తేడా లేదు. కర్నూలు ఆర్కైవ్ ప్రతి అనంతపురంలో, కడపది కర్నూలులో పెట్టుకోవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంది కదా అని ఊరుకోవద్దు. 2024 అక్టోబరులో దాడి జరిగి అది కూడా కొన్నాళ్ళు మూతపడింది. సంపుటాల జాబితాలు, ముందుమాటలు కూడా మామూలు టెక్స్ట్ ఫైళ్ళుగా ఆ మూడు చోట్లా ఉండాలి. చాలామంది స్కాన్లు దాచి, వాటిని కలిపిన జాబితాను సైటుతో పాటే పోగొట్టుకుంటారు.

ఏడాదికి ఒకసారి ప్రతి సంపుటినీ ఏరనివాళ్ళ చేత చదివించండి. కొత్తగా దొరికినవి చేర్చి, తేదీ మార్చి, పాత జాబితాను దాని పాత తేదీతో పక్కనే ఉంచండి. సంపుటి నుంచి ఏదైనా పాఠాన్ని తీసేస్తే ఎందుకో ఒక వాక్యం రాయండి. దాని నంబరును మాత్రం మరో కాగితానికి ఎప్పటికీ ఇవ్వకండి.